అభన్‌పూర్ నుంచి గోదావరి దాకా: ఆసుపత్రి దగ్గరైంది, బీపీ మాత్ర దగ్గరైందా?

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి వేస్తున్న ఆరు వరుసల రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని అభన్‌పూర్ ప్రాంతంలో, ఝాంకీ గ్రామం దగ్గర మొదలవుతుంది. సుమారు 465 కిలోమీటర్లు సాగి విశాఖ శివార్లలోని సబ్బవరం చేరుతుంది. ధమ్‌తరీ, జగదల్‌పూర్, కొంటా, భద్రాచలం మీదుగా విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి కూడా అభన్‌పూర్ మీదుగానే వెళ్తుంది. 2025 మార్చి 30న రాయ్‌పూర్-అభన్‌పూర్ మధ్య మెము రైలు మొదలైంది. ఎయిమ్స్, అంబేడ్కర్ ఆసుపత్రి ఉన్న రాజధాని నగరం అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

కాబట్టి ఈ ప్రాంతంలో ఎవరికైనా గుండెపోటు వస్తే పెద్దాసుపత్రికి చేరడం మునుపటి కన్నా సులువే. ఆ గుండెపోటు రాకుండా చూసుకోవడం మాత్రం రోడ్లతో, రైళ్లతో తేలే పని కాదు. అది ఇంట్లో, పొలం గట్టున, వారపు సంతలో, మందుల డబ్బా దగ్గర తేలాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్న మనిషి తన జబ్బును తాను చూసుకోగలగడానికి మన ఆరోగ్య వ్యవస్థ చేస్తున్న సాయం ఎంత? ఛత్తీస్‌గఢ్‌కూ తెలుగు రాష్ట్రాలకూ ఉమ్మడిగా వర్తించే ప్రశ్న ఇది.

ఏడాదికి రెండు గంటలు

ఒక చిన్న లెక్క వేద్దాం. బీపీ ఉన్న వ్యక్తి నెలనెలా తప్పకుండా ఆరోగ్య కేంద్రానికి వెళ్తారని, వెళ్లిన ప్రతిసారీ పది నిమిషాలు డాక్టరు లేదా నర్సు ఎదుట కూర్చుంటారని అనుకుందాం. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల రద్దీ తెలిసినవారికి ఇది ఎక్కువ అంచనా అనే అనిపిస్తుంది. అయినా ఏడాది మొత్తానికి తేలేది రెండు గంటలే. ఏడాదిలో ఉండేవి 8,760 గంటలు.

మిగిలిన 8,758 గంటల్లో నిర్ణయాలన్నీ రోగివి, ఆ ఇంటివాళ్లవి. ఈ రోజు మాత్ర వేసుకోవాలా, బాగానే ఉంది కదా అని మానేయాలా? కూరలో ఉప్పు ఎంత వేయాలి? మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఏం అడగాలి? పెళ్లికో పనికో ఊరెళ్తే మందులు పట్టుకెళ్లాలా? కళ్లు తిరిగితే ఎవరిని అడగాలి?

దీన్నే వైద్యులు స్వీయ నిర్వహణ అంటారు. ప్రచార పత్రాల్లో ఇది తరచూ ఉపదేశంగా మిగిలిపోతుంది: ఉప్పు తగ్గించండి, నడవండి, మందులు మానకండి. ఆ తర్వాత బీపీ అదుపు తప్పితే తప్పంతా రోగిదే అవుతుంది.

నిజంగా తన జబ్బును తాను చూసుకోవాలంటే రోగికి నాలుగు కావాలి. తన బీపీ ఎంతో చెప్పే అంకె. తెగకుండా అందే మందు. ఆ అంకెను బట్టి ఏం చేయాలో ముందే రాసిచ్చిన సూచన. సందేహం వస్తే అడగడానికి ఊళ్లోనే ఒక మనిషి. ఈ నాలుగూ ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే అప్పగించడం అంటే వ్యవస్థ చేతులు దులుపుకోవడమే.

నూటికి 15 మందికే అదుపు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో రక్తపోటుపై తన తొలి ప్రపంచ నివేదిక విడుదల చేసింది. భారత్‌లో 30-79 ఏళ్ల వారిలో 18.8 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని అందులో అంచనా వేసింది. వీరిలో తమకు బీపీ ఉందని తెలిసినవారు 37 శాతం. చికిత్స తీసుకుంటున్నవారు 30 శాతం. బీపీ అదుపులో ఉన్నవారు 15 శాతం మాత్రమే.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. ఒకటి, జబ్బు ఉన్నట్టే తెలియకపోవడం. పరీక్షలు పెంచితే ఇది తగ్గుతుంది. రెండోది, చికిత్సలో ఉన్నవారిలో కూడా సగం మందికి బీపీ దిగకపోవడం. ఇక్కడ పరీక్షా శిబిరాలు పనికిరావు. రోజూ మాత్ర పడుతోందా, ఆ మోతాదు సరిపోతోందా అన్నదే అసలు విషయం.

తెలుగువారికి ఇది పక్క రాష్ట్రం గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో 21 శాతం, పురుషుల్లో 24 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది. తెలంగాణలో ఇది సుమారు 26, 31 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 25, 29 శాతం. రెండు రాష్ట్రాలూ జాతీయ సగటు కన్నా పైనే ఉన్నాయి.

పల్లెల్లో గుండె జబ్బులు తక్కువన్న నమ్మకం కూడా ఎప్పుడో చెదిరిపోయింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04 ప్రాంతంలో మరణాలను పరిశీలించిన అధ్యయనంలో గుండె, రక్తనాళాల జబ్బులే మొదటి కారణమని తేలింది. ప్రతి మూడు మరణాల్లో దాదాపు ఒకటి వాటివల్లే. అంటే ఇరవై ఏళ్ల కిందటే మన పల్లెలు ఈ సంగతి చెప్పాయి.

ఛత్తీస్‌గఢ్ చేతిలో ఉన్నవి

రోగికి ఊళ్లోనే అండగా ఒక మనిషిని నిలబెట్టే విషయంలో ఛత్తీస్‌గఢ్ దేశానికి దారి చూపింది. 2002లో అక్కడ మితానిన్ కార్యక్రమం మొదలైంది. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో నేస్తం. ఊరివాళ్లు ఎంపిక చేసుకున్న మహిళే ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త. దేశమంతా ఆశా కార్యకర్తలు రావడానికి మూడేళ్ల ముందే మొదలైన ఈ వ్యవస్థలో ఇప్పుడు సుమారు 70 వేల మంది ఉన్నారు.

రెండోది సంత. 2019 అక్టోబరు 2న ఆ రాష్ట్రం ముఖ్యమంత్రి హాట్ బజార్ క్లినిక్ పథకాన్ని ప్రారంభించింది. వారపు సంత జరిగే చోటికే వైద్య బృందం వాహనంలో వెళ్లి బీపీ, షుగర్ చూసి మందులివ్వడం దీని పద్ధతి. రోగి కూలి మానుకుని ఆసుపత్రికి వెళ్లాల్సిన పని లేకుండా, ఎలాగూ కూరగాయలకు వచ్చే చోటే పని పూర్తవుతుంది. బీపీ లాంటి నెలనెలా చూపించుకోవాల్సిన జబ్బుకు ఇంతకన్నా తగిన చోటు దొరకదు. అయితే ఒక షరతు ఉంది. ఈ వారం వచ్చిన మనిషి వచ్చే నెల మళ్లీ వచ్చారా, ఎంత బీపీ ఉంది, ఏ మందు ఇచ్చారు అన్నది రాసి ఉండాలి. రాత లేని సంత క్లినిక్కు ఎన్నిసార్లు జరిగినా శిబిరంతో సమానమే.

మూడోది ఉప కేంద్రం. ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో తొలి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రధాని 2018 ఏప్రిల్ 14న ప్రారంభించింది ఛత్తీస్‌గఢ్‌లోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో. ఇప్పుడు వీటిని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలంటున్నారు. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు వీటి ప్రధాన విధుల్లో ఒకటి.

నాలుగోది తోటి రోగులు. బిలాస్‌పూర్ జిల్లా గనియారీలో ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు స్థాపించిన జన్ స్వాస్థ్య సహయోగ్, దీర్ఘకాలిక జబ్బులున్నవారిని ఊళ్లలో బృందాలుగా కూర్చోబెడుతోంది. బీపీ, షుగర్, మూర్ఛ, సికిల్ సెల్ వంటి జబ్బులతో బతుకుతున్నవారు ఒకచోట చేరి, మందులు అందుతున్నాయా, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని మాట్లాడుకుంటారు. డాక్టరు చెబితే తల ఊపి వచ్చేసే మాటను పక్కింటి మనిషి చెబితే ప్రశ్నించవచ్చు. ఆ తేడా చాలా పెద్దది.

పశ్చిమ గోదావరి చెప్పిన రెండు పాఠాలు

తోటి రోగుల బృందాలు వినడానికి బాగుంటాయి, బీపీ నిజంగా దిగుతుందా? దీనికి జవాబు తెలుగు నేలపైనే వెతికారు. ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి, రిషివ్యాలీ ప్రాంతాల్లోనూ, కేరళలోని తిరువనంతపురంలోనూ 1,700 మందికి పైగా బీపీ ఉన్నవారితో ఒక పరీక్ష చేశారు. కొన్ని ఊళ్లలో ఆశా కార్యకర్తలు రెండు వారాలకోసారి చొప్పున మూడు నెలల పాటు బృంద సమావేశాలు నడిపారు. బీపీ చూడటం, ఉప్పు గురించి, మందుల గురించి మాట్లాడుకోవడం, ఎవరి అనుభవం వారు చెప్పుకోవడం, ఇంతే. మిగతా ఊళ్లలో ఎప్పటిలాగే వదిలేశారు. 2020లో వెలువడిన ఫలితాల్లో బృందాలున్న ఊళ్లలో బీపీ అదుపు స్పష్టంగా మెరుగ్గా ఉంది.

అదే పశ్చిమ గోదావరిలో మరో పెద్ద ప్రయోగం జరిగింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఎవరికి గుండె జబ్బు ముప్పు ఎక్కువో యాప్ లెక్కగట్టి చెబుతుంది. వారిని డాక్టరు దగ్గరకు పంపుతారు. ఆశాలు ఈ పనిని చక్కగా చేశారు, ఇళ్లకు వెళ్లి రోగులను కలిశారు కూడా. కానీ 2019లో వచ్చిన ఫలితాల్లో, బీపీ లక్ష్యాన్ని అందుకున్నవారి శాతం ప్రయోగం జరిగిన చోటా, జరగని చోటా దాదాపు ఒకేలా ఉంది.

ఈ రెంటినీ కలిపి చదివితే యాప్‌లు దండగ అని అర్థం కాదు. ముప్పు ఎవరికి ఉందో కనిపెట్టడం ఒక పని, ఆ మనిషి రోజూ మందు వేసుకునేలా, సరిపడా మోతాదు అందేలా చూడటం మరో పని. మొదటిదానికి ట్యాబ్ చాలు. రెండోదానికి మనుషులు, మందులు కావాలి. డిజిటల్ ఆరోగ్యం పేరుతో లక్ష్యాల సంఖ్యలు ప్రకటించే ప్రభుత్వాలు మొదటి పనికే మార్కులు వేసుకుంటున్నాయి. 2025 డిసెంబరు నాటికి 7.5 కోట్ల మంది బీపీ, షుగర్ రోగులను ప్రామాణిక చికిత్స కిందికి తెస్తామని కేంద్రం 2023 మే 17న ప్రకటించింది. అలాంటి లక్ష్యాన్ని ఎంతమంది పేర్లు నమోదయ్యాయన్న దాన్ని బట్టి కాక, ఎంతమందికి బీపీ 140/90 కన్నా దిగిందన్న దాన్ని బట్టే తూచాలి.

మాత్ర రూపాయి, ఆగితే ప్రాణం

భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017 నవంబరులో మొదలైంది. తొలి విడతలో పంజాబ్, మధ్యప్రదేశ్, కేరళ, మహారాష్ట్రలతో పాటు తెలంగాణ ఉంది. తర్వాత ఛత్తీస్‌గఢ్ సహా ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. దీని సూత్రాలు ఆడంబరం లేనివి. డాక్టరుకో రకం మందు కాకుండా అందరికీ ఒకే వరుసలో కొద్ది రకాల మందులు. ఒకేసారి 30 రోజులకు సరిపడా ఇవ్వడం. మందులు ఇంటికి దగ్గరి ఉప కేంద్రంలోనే దొరకడం. నర్సులకు, ఆశాలకు బాధ్యత పంచడం. ప్రతి రోగి బీపీని నమోదు చేయడం. ఈ కార్యక్రమం కింద చికిత్స పొందుతున్నవారిలో దాదాపు సగం మందికి బీపీ అదుపులో ఉందని 2022లో కేంద్రం తెలిపింది. దేశం మొత్తం మీద ఉన్న 15 శాతంతో దీన్ని నేరుగా పోల్చలేం, ఎందుకంటే ఇక్కడ లెక్కించింది చికిత్సలో చేరినవారిని మాత్రమే. అయినా మందు తెగకుండా అందితే ఏమవుతుందో ఇది చూపిస్తుంది.

బీపీకి మొదట వాడే మందుల్లో ఒకటైన ఆమ్లోడిపిన్ జన ఔషధి కేంద్రంలో కొంటే రోజుకు రూపాయి కూడా కాదు. మరోవైపు మన పెద్ద ఆరోగ్య బీమా పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చుకే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, ఆయుష్మాన్ భారత్ గానీ స్టెంట్ వేయించుకుంటే ఆదుకుంటాయి. స్టెంట్ అవసరం రాకుండా చూసే మాత్ర మాత్రం ఆరోగ్య కేంద్రంలో నిల్వ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఆసుపత్రి బిల్లుకు హక్కు ఉంది, నెల మందుకు హామీ లేదు.

పల్లె రోగి మందు ఆపేయడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. వెళ్లినప్పుడు మందు లేదంటే మళ్లీ వెళ్లడానికి ఇంకో రోజు కూలి పోతుంది. పది రోజులకే ఇస్తే నెలకు మూడుసార్లు తిరగాలి. బీపీకి నొప్పి ఉండదు కాబట్టి ఆపినా తేడా తెలియదు. తెలుగు రాష్ట్రాలు ఈ చిక్కును కొంత గుర్తించాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన 104 వాహనాలు ఊళ్లకు వెళ్లి బీపీ, షుగర్ మందులిచ్చేవి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలి. తెలంగాణ 2022లో బీపీ, షుగర్ రోగులకు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మందులను విడివిడిగా పెట్టుకునే సంచులతో కిట్లు పంచింది. చదువు రాని పెద్దవాళ్లు పొరబడకుండా ఈ సంచి చేసే మేలు చిన్నది కాదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఇలాంటి పథకాల పేర్లు మారడం మనకు అలవాటే. పేరు ఏదైనా రోగికి నెల మందు ఆగకూడదు.

బాసీ, చద్దన్నం, నొప్పి మాత్ర

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రి అన్నాన్ని నీళ్లలో నానబెట్టి పొద్దున్నే తినే బోరే బాసి మన చద్దన్నానికి తోబుట్టువు. ఎండాకాలం ఒంటికి చలవ. అన్నంతో చిక్కేమీ లేదు. దాంట్లో వేసే ఉప్పు, పక్కన నంజుకునే పచ్చడి, ఊరగాయ దగ్గరే జాగ్రత్త కావాలి. మన ఆవకాయ, వడియాలు, ఎండుచేపల కథా అదే. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, భారతీయులు సగటున 8 గ్రాములు తింటున్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే చెప్పింది. బాసీ మానమని చెప్పడం కన్నా, ఊరగాయ ముక్క ఉన్న రోజు విడిగా ఉప్పు వేయొద్దని చెప్పడం ఆచరణకు వస్తుంది. ఆ మాట వంట చేసేవారికి చెప్పాలి. క్లినిక్కుకు భర్త ఒక్కడే వచ్చి, సలహా అతనికే చెప్పి పంపిస్తే అది వంటగది దాకా వెళ్లదు.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు గురించి ఇప్పుడు చర్చ పెరిగింది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై చేసి 2021లో ప్రకటించిన అధ్యయనంలో ఈ ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం ప్రమాదం. అభన్‌పూర్ నుంచి రాజిమ్ మీదుగా వెళ్తే వచ్చే గరియాబంద్ జిల్లాలో సుపేబెడా అనే ఊరు ఉంది. మన ఉద్దానంలాగే కిడ్నీ జబ్బులతో వార్తల్లోకెక్కిన ఊరు. ఇలాంటి ప్రాంతాల్లో రక్తపరీక్ష చేయకుండా ఆ ఉప్పును అందరికీ సిఫారసు చేయకూడదు.

ఇంకో విషయం ఉప్పంత ప్రచారానికి నోచుకోలేదు. ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నాట్లు, కోతల రోజుల్లో పల్లెల్లో ఇవి వాడని ఇల్లు అరుదు. బీపీ మాత్ర వేసుకుంటూనే వీటినీ వేసుకుంటే ఒక చేత్తో దించి మరో చేత్తో ఎక్కించినట్టే. మితానిన్ అయినా ఆశా అయినా ఇంటికి వెళ్లినప్పుడు అడగాల్సిన తొలి ప్రశ్నల్లో ఇది ఉండాలి.

అంకె చేతికిస్తే

రోగికి అంకెతో పాటు అధికారం కూడా ఇవ్వవచ్చా? బ్రిటన్‌లో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. పక్షవాతం, గుండె జబ్బు, షుగర్, కిడ్నీ జబ్బుల్లో ఏదో ఒకటి ఉండి బీపీ దిగని 552 మందిని తీసుకున్నారు. సగం మందికి ఇంట్లో బీపీ చూసుకోవడం నేర్పి, అంకె ఇంతకు మించితే మందు ఎలా పెంచుకోవాలో డాక్టరుతో ముందే కాగితం మీద రాయించారు. ఏడాది తర్వాత వారి పై బీపీ మిగతావారి కన్నా 9 పాయింట్లకు పైగా తక్కువగా ఉంది. 2014లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

దీన్ని ఉన్నదున్నట్టు అభన్‌పూర్‌కు తేలేం. అక్కడ ప్రతి రోగికీ ఒక కుటుంబ డాక్టరు, ఇంట్లో మంచి మిషన్ ఉన్నాయి. ఇక్కడ ఇంటింటికీ మిషన్ సాధ్యం కాకపోయినా బృందానికి ఒకటి సాధ్యమే. సొంతంగా మోతాదు పెంచుకోవడం వద్దు, కానీ ‘రెండు వారాలు వరుసగా ఇంత దాటితే ఉప కేంద్రానికి వెళ్లాలి, ఇంత దాటి ఛాతీలో నొప్పి కూడా ఉంటే 108కి ఫోన్ చేయాలి’ అని చీటీ మీద రాసివ్వడానికి ఖర్చేమీ లేదు.

బీపీ చూసుకునే పద్ధతి తప్పితే అంకె కూడా తప్పుతుంది. అరగంట ముందు నుంచి టీ, బీడీ, గుట్కా వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీని బట్టల మీద కాకుండా చేతికే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకుండా, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. మణికట్టు మిషన్ల కన్నా జబ్బకు చుట్టేవి నమ్మదగినవి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 దాటుతుంటే ఎక్కువ ఉన్నట్టే లెక్క. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని కంగారుపడి రెండు మాత్రలు వేసుకోకూడదు, ఒక్కసారి మామూలుగా వచ్చిందని మందు మానకూడదు. మామూలుగా వచ్చిందంటే మందు పని చేస్తోందని అర్థం. బీపీ 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యో కాలో పడిపోవడం వంటివి ఉంటే క్షణం ఆలస్యం వద్దు. మూతి వంకర, మాట తడబాటు లాంటివి కనిపిస్తే బీపీ అంకెతో పని లేకుండానే బయల్దేరాలి. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది నాలుగున్నర గంటల లోపే. ఆ లోపు చేరడానికి కొత్త రోడ్లు నిజంగా పనికొస్తాయి.

గుండెపోటు తర్వాత ఇంటికొచ్చిన మనిషి

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక రోగిని వ్యవస్థ దాదాపు మరిచిపోతుంది. 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2011లో ఒక చేదు నిజం చెప్పింది. గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో, మళ్లీ రాకుండా వాడాల్సిన మందుల్లో ఒక్కటీ వాడనివారు సంపన్న దేశాల్లో 11 శాతమైతే పేద దేశాల్లో 80 శాతం. ఆ పేద దేశాల జాబితాలో భారత్ కూడా ఉంది.

దీనికీ మన దేశంలోనే దారి వెతికారు. 14 ఆసుపత్రుల్లో గుండెపోటు రోగులకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలను జోడించి, ఇంటికి వెళ్లాక కూడా కలుస్తూ ఉంటే, ఏడాది తర్వాత మందులు సక్రమంగా వాడేవారు పెరిగారని 2016లో తేలింది. 24 కేంద్రాల్లో దాదాపు నాలుగు వేల మందిపై జరిగిన యోగా పునరావాస పరీక్షలో రోగులు తమ ఆరోగ్యం మెరుగైందని చెప్పారు, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లగలిగారు. మరణాలు, మళ్లీ గుండెపోటు రావడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అందుకే యోగా మందుకు తోడు అవుతుందే తప్ప బదులు కాదు. ఈ తేడాను రోగికి సూటిగా చెప్పాలి.

వలస వెళ్తే మందు ఏమవుతుంది

ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా ఎందరో కూలీలు తెలంగాణ ఇటుక బట్టీలకు, హైదరాబాద్ నిర్మాణ పనులకు, భద్రాచలం వైపు మిరప కోతలకు వస్తారు. భిలాయ్, బిలాస్‌పూర్, రాయ్‌పూర్‌లలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఊరు దాటిన మనిషి మందుల చీటీ ఊళ్లోనే ఆగిపోతే ఆరు నెలలు మాత్ర లేనట్టే. వలస సీజనుకు ముందు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడం, ఏ రాష్ట్రంలోని ఉప కేంద్రమైనా ఆ చీటీ చూసి మందివ్వడం కష్టమైన సంస్కరణలు కావు. కొత్త రహదారి మీద సరుకు లారీలు రాష్ట్రాల హద్దులు ఆగకుండా దాటబోతున్నాయి. రోగి చీటీకి ఆ పాటి దారి ఇవ్వలేమా?

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

బీపీ ఉన్నవాళ్లను జాగ్రత్తగా ఉండమనే ముందు ప్రతి మండలం, ప్రతి బ్లాకు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మన ఉప కేంద్రంలో గత ఆరు నెలల్లో బీపీ మందు ఎన్ని రోజులు లేదు? రోగికి ఒకేసారి ఎన్ని రోజుల మందు ఇస్తున్నారు? ఊళ్లో పనిచేసే బీపీ మిషన్ ఉందా, అది సరైన అంకె చూపిస్తోందని చివరిసారి ఎప్పుడు సరిచూశారు? నమోదైన రోగుల్లో పోయిన మూడు నెలల్లో బీపీ అదుపులో ఉన్నవారు ఎందరు?

ఈ నాలుగింటికీ కొత్త చట్టం, కొత్త ఆసుపత్రి అక్కర్లేదు. గ్రామసభలో అడిగి, జవాబును గోడ మీద రాయించవచ్చు. ఆ గోడ అభన్‌పూర్‌లోదైనా, గోదావరి గట్టు మీది ఊరిదైనా సరే.